బ్లాక్ కోపాలిమర్లు ఉపరితలం దగ్గర ఏం చేస్తాయి: మోడలింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పల్చటి ఫిల్మ్‌లు వేసి మైక్రోస్కోపులో చూసేవాళ్లు, సిద్ధాంతం వైపు నుంచి వచ్చేవాళ్లు, ఇద్దరూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. సమీకరణాలను గుర్తుల్లో రాయకుండా మాటల్లోనే చెప్పాను. ఈ రంగంలో చాలామంది ఇరుక్కునేది గణితం దగ్గర కాదు, ఏ శక్తి దేనితో పోటీ పడుతోందో స్పష్టంగా కనిపించకపోవడం దగ్గర. అన్నీ వరుసగా చదవక్కర్లేదు, కానీ మొదటి రెండూ వదిలేస్తే తర్వాతివి గాలిలో ఉన్నట్టు అనిపిస్తాయి.

బ్లాక్ కోపాలిమర్‌లో అంత ప్రత్యేకత ఏముంది?

ఒకదానితో ఒకటి కలవని రెండు రకాల పాలిమర్ గొలుసుల్ని చివరలు పట్టి రసాయన బంధంతో కలిపితే వచ్చేదే డైబ్లాక్ కోపాలిమర్. ఒక సగం పాలీస్టైరీన్, రెండో సగం పీఎంఎంఏ (యాక్రిలిక్ ప్లాస్టిక్) ఉన్న గొలుసు అందరూ వాడే ఉదాహరణ, కింద నేనూ దాన్నే పట్టుకుంటాను. రెండు బ్లాకులూ విడిపోవాలని చూస్తాయి, మధ్యలో ఉన్న బంధం వదలదు. అందుకే ఆ విడిపోవడం గొలుసు పొడవు మేరకే, అంటే సుమారు 10 నుంచి 100 నానోమీటర్ల స్థాయిలోనే జరుగుతుంది. బ్లాకుల నిష్పత్తిని బట్టి పొరలుగానో, స్తంభాలుగానో, గోళాలుగానో క్రమంగా అమరుతాయి. పొరలకీ స్తంభాలకీ మధ్య ఇరుకైన చోట గైరాయిడ్ అనే అల్లిక కూడా ఉంది.

సిద్ధాంతం చేసేవాళ్లకి ఈ పదార్థం ఇంత ఇష్టం కావడానికి కారణాలున్నాయి. 1956లో మైకేల్ ష్వార్ట్స్ చూపించిన, గొలుసు పెరుగుదల మధ్యలో ఆగిపోని లివింగ్ పాలిమరైజేషన్‌తో దాదాపు ఒకే పొడవున్న గొలుసులు తయారు చేయొచ్చు, కాబట్టి కాగితం మీద ఊహించిన గొలుసుకీ సీసాలో ఉన్న గొలుసుకీ తేడా తక్కువ. పైగా గొలుసు పొడవుగా ఉంటే రసాయన వివరాలు చాలావరకు చెరిగిపోయి నాలుగైదు సంఖ్యలే మిగులుతాయి. ఇంత తక్కువ సంఖ్యలతో ఇంత వైవిధ్యాన్ని వివరించగలగడం పదార్థ శాస్త్రంలో చాలా అరుదు.

కై, ఎన్ అంటే ఏమిటి? వాటి లబ్ధమే ఎందుకు ముఖ్యం?

కై అంటే రెండు రకాల మోనోమర్ల, అంటే గొలుసులోని లంకెల, మధ్య ఉన్న అయిష్టం, ఎన్ అంటే గొలుసులో మోనోమర్ల సంఖ్య. ఒక్కో మోనోమర్‌కి అయిష్టం చిన్నదే అయినా గొలుసు పొడవునా అది కూడుతుంది, అందుకే నిర్ణయించేది కై ఎన్ అనే లబ్ధం. 1980లో లుడ్విక్ లైబ్లర్ లెక్క ప్రకారం రెండు సగాలూ సమానంగా ఉన్న డైబ్లాక్‌లో ఈ లబ్ధం 10.495 దాటితే పొరలు ఏర్పడతాయి, దాటకపోతే అంతా కలిసిపోయే ఉంటుంది.

పాలీస్టైరీన్, పీఎంఎంఏ జంటకి 450 కెల్విన్ల దగ్గర కై సుమారు 0.037. అంటే ఎన్ 284 కంటే తక్కువైతే పొరలే రావు. బాగా విడిపోయిన పొరల సహజ మందానికి, అంటే ఒక ఎ పొర, ఒక బి పొర (రెండు బ్లాకులకి ఎ, బి అని పేర్లు) కలిపిన కొలతకి, 1985లో సెమెనోవ్ ఇచ్చిన సూత్రం ఉంది: 1.03ని మోనోమర్ పొడవుతోనూ, కై ఆరో మూలంతోనూ, ఎన్ మూడింట రెండో ఘాతంతోనూ గుణించాలి. ఎన్ 1000, మోనోమర్ పొడవు 0.7 నానోమీటర్లు అనుకుంటే దాదాపు 42 నానోమీటర్లు వస్తుంది. ఆ పరిమాణం గొలుసులకి ప్రయోగంలో కనిపించేది 45 నుంచి 50 మధ్య. ఇంత సాదా సూత్రానికి ఈ దగ్గరితనం నాకిప్పటికీ ముచ్చటేస్తుంది.

సరే, ఉపరితలం వస్తే కొత్తగా ఏం మారుతుంది?

మూడు విషయాలు. ఒకటి, ఉపరితలానికి ఇష్టాయిష్టాలుంటాయి: సిలికాన్ ఆక్సైడ్ పీఎంఎంఏని దగ్గరికి లాక్కుంటుంది, గాలివైపు తలతన్యత తక్కువ ఉన్న బ్లాకు చేరుతుంది. రెండు, ఫిల్మ్ మందం పొరల సహజ మందానికి సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. మూడు, గోడని దాటి గొలుసు వెళ్లలేదు కాబట్టి దానికి ఉన్న ఆకృతుల సంఖ్య తగ్గుతుంది, గొలుసుల చివరలు గోడ దగ్గర కాస్త ఎక్కువగా చేరతాయి.

మూడోదాన్ని కొత్తవాళ్లు తరచుగా మర్చిపోతారు. గోడకి ఏ బ్లాకు మీదా ప్రత్యేక ఇష్టం లేకపోయినా ఎంట్రోపీ పరంగా గోడ అనేది పూర్తిగా తటస్థం కాదు. ఒక బ్లాకు రెండోదానికంటే బిరుసుగా ఉన్నా, పొట్టిగా ఉన్నా గోడ దగ్గర వాటి లెక్క వేరవుతుంది.

క్రమం రాని ఉష్ణోగ్రతలో కూడా ఉపరితలం దగ్గర పొరలు కనిపిస్తాయంటారు, నిజమేనా?

నిజమే. 1987లో గ్లెన్ ఫ్రెడ్రిక్సన్ లైబ్లర్ సిద్ధాంతానికి ఉపరితలాన్ని జోడించి లెక్కకట్టాడు. గోడ ఒక బ్లాకుని ఇష్టపడితే ఆ బ్లాకు గోడకి అంటుకుంటుంది, దానికి కట్టి ఉన్న రెండో బ్లాకు దాని వెనకే నిలబడాలి, ఆ వెనక మళ్లీ మొదటిది. ఇలా సంఘటనం అలలాగా పైకీ కిందికీ ఊగుతూ లోపలికి పోయేకొద్దీ తగ్గిపోతుంది. పొరలు ఏర్పడే బిందువుకి దగ్గరయ్యేకొద్దీ ఆ అల ఇంకా లోతుకి వెళ్తుంది. న్యూట్రాన్ పరావర్తన ప్రయోగాల్లో 1989 నుంచి ఇది స్పష్టంగా కనిపించింది. రెండు పాలిమర్ల మామూలు మిశ్రమంలో ఈ ఊగిసలాట ఉండదు, అక్కడ సంఘటనం ఊగకుండా నేరుగా తగ్గుతుంది. బంధం ఒక్కటే తెచ్చిన తేడా ఇది.

ఫిల్మ్ మందం పొరలకి సరిపోకపోతే ఏమవుతుంది?

ఇక్కడ కాస్త ఆగి లెక్క చేద్దాం, ఎందుకంటే ఉపరితల మోడలింగ్ రుచి అంతా ఈ చిన్న లెక్కలోనే ఉంది. రెండు గట్టి పలకల మధ్య బిగించిన ఫిల్మ్ అనుకోండి, రెండు పలకలూ ఒకే బ్లాకుని ఇష్టపడతాయి, పొరలు పలకలకి సమాంతరంగా పడుకున్నాయి. ఈ లెక్కలో ఒక పొర అంటే ఒక ఎ, ఒక బి కలిసిన జంట. పొర సహజ మందం కంటే సాగితే గొలుసులు సాగాలి, దాని ఖర్చు సాగిన నిష్పత్తి వర్గంతో పెరుగుతుంది. పొర నలిగితే అదే ఘనపరిమాణంలో ఎ, బి సరిహద్దులు ఎక్కువవుతాయి, దాని ఖర్చు ఆ నిష్పత్తికి విలోమంగా పోతుంది. మొత్తం శక్తి, సహజ స్థితి శక్తితో పోలిస్తే, నిష్పత్తి వర్గానికి రెండు భాగించు నిష్పత్తి కలిపి మూడుతో భాగించినంత. నిష్పత్తి 1 అయినప్పుడు ఇది 1 అవుతుంది, అదే కనిష్ఠం.

ఇప్పుడు ఫిల్మ్‌ని నెమ్మదిగా మందం చేస్తూ పోండి. ఒక పొర ఎంతవరకు సాగి, ఎక్కడ రెండు నలిగిన పొరలుగా మారుతుంది? రెండు శక్తుల్నీ సమానం చేస్తే ఫిల్మ్ మందం సహజ మందానికి 1.387 రెట్లు అయినప్పుడు అని వస్తుంది. అంటే మారే ముందు ఒంటరి పొర దాదాపు 39 శాతం సాగి ఉంటుంది! రెండు నుంచి మూడుకి మారేది 2.433 దగ్గర, మూడు నుంచి నాలుగుకి 3.452 దగ్గర. పొరలు పెరిగేకొద్దీ మారే చోటు సరిగ్గా మధ్యకి, అంటే అర పొర దగ్గరికి చేరుతుంది. మార్పు ముందు పడే అదనపు ఖర్చు ఒక పొరకి 12 శాతం, రెండుకి 4 శాతం, మూడుకి 2 శాతం. ఇరుకు బాధ పల్చటి ఫిల్మ్‌లోనే ఎక్కువ అన్నమాట. 1992లో మాథ్యూ టర్నర్ ఇలాంటి లెక్కనే బలమైన విభజన (బ్లాకులు పూర్తిగా విడిపోయాయనుకునే) సిద్ధాంతంతో చేశాడు, 1994లో థామస్ రసెల్ బృందం పలకల మధ్య బిగించిన ఫిల్మ్‌లలో పొరల సంఖ్య ఇలా మెట్లు మెట్లుగా మారడాన్ని కొలిచింది.

పైన పలక లేకుండా గాలికి వదిలేస్తే కథ వేరు. గొలుసులు సాగాల్సిన అవసరమే లేదు, ఫిల్మ్ తానే కొన్నిచోట్ల ఒక పొర ఎత్తు పెరిగి, కొన్నిచోట్ల ఒక పొర తగ్గి దీవులు, గుంటలుగా విడిపోతుంది. రెండు వైపులా ఒకే బ్లాకు ఉంటే అనుకూలమైన మందాలు పూర్ణ సంఖ్యలు, వేర్వేరు బ్లాకులు ఉంటే అర కలిపిన సంఖ్యలు. మైక్రోస్కోపులో దీవుల మెట్టు ఎత్తు కొలిస్తే పొర సహజ మందం నేరుగా వచ్చేస్తుంది, కాబట్టి దీన్ని లోపంగా కాకుండా కొలబద్దగా చూడండి.

పొరలు పడుకోకుండా నిలువుగా నిలబడాలంటే ఏం చేయాలి?

నిలువు పొరలకి ఫిల్మ్ మందంతో సంబంధం లేదు, అవి ఎప్పుడూ సహజ మందంలోనే ఉంటాయి. కానీ అవి రెండు బ్లాకుల్నీ గోడకి తాకిస్తాయి, దానికి మూల్యం చెల్లించాలి. పై లెక్కనే కొనసాగిస్తే, గోడకి రెండు బ్లాకుల పట్ల ఉన్న తలతన్యత తేడా ఒక పరిమితి కంటే తక్కువుంటేనే నిలువు పొరలు గెలుస్తాయి. పలకల మధ్య అత్యంత అననుకూల మందం దగ్గర కూడా ఆ పరిమితి, ఎ బి సరిహద్దు తలతన్యతతో పోలిస్తే, ఒక పొరకి 0.51 రెట్లు, మూడు పొరలకి 0.21 రెట్లు, పది పొరలకి 0.07 రెట్లు మాత్రమే. మందం పొరలకి సరిగ్గా సరిపోతే పరిమితి సున్నా, గోడకి రవ్వంత ఇష్టం ఉన్నా పొరలు పడుకుంటాయి.

పాలీస్టైరీన్, పీఎంఎంఏ సరిహద్దు తలతన్యత మీటరుకి 1 నుంచి 2 మిల్లీన్యూటన్లు. పది పొరల ఫిల్మ్‌కి దాని 0.07 వంతు అంటే మీటరుకి దాదాపు 0.1 మిల్లీన్యూటన్. మామూలు ద్రవాల తలతన్యతలు పదుల్లో ఉంటాయి, అందులో 0.1 తేడా వచ్చేలా గోడని సవరించాలి. అందుకే "తటస్థ ఉపరితలం" అనేది ఉజ్జాయింపుగా చేస్తే కుదిరే పని కాదు. 1997లో రసెల్, క్రెయిగ్ హాకర్ తదితరులు దీనికి చక్కని దారి చూపించారు: అవే రెండు మోనోమర్లని గొలుసంతా యాదృచ్ఛికంగా కలిపి, ఆ గొలుసుల్ని గోడకి నాటారు. స్టైరీన్ వాటా సుమారు 60 శాతం దగ్గర గోడ రెండు బ్లాకులకీ సమదూరం అవుతుంది.

గాలివైపు ఏం చేయాలన్నది ఇంకో సమస్య. ఈ జంటకి అదృష్టవశాత్తూ 230 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో రెండు బ్లాకుల తలతన్యతలు దాదాపు సమానం, కాబట్టి వేడి చేస్తే చాలు. సిలికాన్ ఉన్న బ్లాకులకి ఆ సౌకర్యం లేదు, పీడీఎంఎస్ లాంటిది గాలివైపు పరిగెడుతుంది. 2012లో టెక్సస్ విశ్వవిద్యాలయం బృందం పైన కూడా ఒక తటస్థ పూత వేసే పద్ధతి చూపించింది. విద్యుత్ క్షేత్రంతో కూడా నిలబెట్టొచ్చు, రెండు బ్లాకుల విద్యుత్ రోధక స్థిరాంకాలు వేరైతే సరిహద్దులు క్షేత్రానికి సమాంతరంగా ఉండటానికే ఇష్టపడతాయి. కానీ ఆ ప్రభావం క్షేత్ర బలం వర్గంతో పెరుగుతుంది, గోడ ఇష్టాన్ని జయించాలంటే చాలా బలమైన క్షేత్రం కావాలి.

ఎస్‌సీఎఫ్‌టీ అని అందరూ అంటారు, అది ఎలా పనిచేస్తుంది?

స్వయంసంగత క్షేత్ర సిద్ధాంతం. ఎస్‌ఎఫ్ ఎడ్వర్డ్స్ ఆలోచనలతో మొదలై, 1970లలో యూజీన్ హెల్ఫాండ్ చేతిలో బ్లాక్ కోపాలిమర్లకి రూపుదిద్దుకుంది. కోట్ల గొలుసులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, ఆ లెక్క ఎవరూ చేయలేరు. కాబట్టి ఒక్క గొలుసుని తీసుకుని, మిగతావన్నీ కలిసి దాని మీద ఒక సగటు క్షేత్రాన్ని చూపిస్తున్నాయనుకుంటాం. ఆ క్షేత్రంలో గొలుసు ఎక్కడెక్కడ ఉండే అవకాశం ఎంత అన్నది విసరణ సమీకరణం లాంటి ఒక సమీకరణం చెబుతుంది, అందులో కాలం స్థానంలో గొలుసు వెంబడి దూరం ఉంటుంది. దాన్నుంచి సాంద్రతలు వస్తాయి, సాంద్రతల నుంచి కొత్త క్షేత్రం వస్తుంది, పాతదీ కొత్తదీ ఒకటయ్యేదాకా తిప్పుతూనే ఉండాలి. 1994లో మార్క్ మాట్సెన్, మైకేల్ షిక్ ఇదే పద్ధతితో గైరాయిడ్ స్థిరమైన దశేనని చూపించాక దీనికి తిరుగులేని గౌరవం వచ్చింది.

గోడని పెట్టడం దగ్గర జాగ్రత్త. కత్తిరించినట్టుండే గోడని పెడితే సాంద్రత ఒక్కసారిగా సున్నా నుంచి ఒకటికి దూకాలి, సంఖ్యాత్మక పద్ధతులు దాన్ని తట్టుకోలేవు. అందుకని గోడ పదార్థానికి మెల్లగా తగ్గే ఒక సాంద్రత రేఖని ముందే ఇచ్చి, మిగిలిన చోటు పాలిమర్‌కి వదులుతారు. ఇలా చేసినప్పుడు ఫిల్మ్ మందం ఎంత అన్న ప్రశ్నకి రెండు మూడు జవాబులు రావచ్చు. మొత్తం పాలిమర్ ఘనపరిమాణాన్ని వైశాల్యంతో భాగించి వచ్చినదాన్నే మందం అనుకుంటే గందరగోళం ఉండదు, వేరే నిర్వచనం వాడితే రాతలో అది స్పష్టంగా చెప్పండి. రెండు పరిశోధనా పత్రాల ఫలితాలు కలవకపోతే నేను మొదట చూసేది ఈ నిర్వచనమే.

ఇంకొకటి: పొరల దిశలో లెక్క జరిగే పెట్టె పరిమాణాన్ని కూడా శక్తి కనిష్ఠమయ్యేలా మార్చాలి. నిలువు పొరల్ని తప్పు పెట్టెలో ఇరికించి, పడుకున్న పొరలే మేలని తేల్చేస్తే ఆ తీర్పు పెట్టెది, పాలిమర్‌ది కాదు.

ఎస్‌సీఎఫ్‌టీ ఎక్కడ దెబ్బతింటుంది?

అది సగటు చూస్తుంది, అలజడిని చూడదు. 1987లో ఫ్రెడ్రిక్సన్, హెల్ఫాండ్ కలిసి అలజడి వల్ల పొరలు ఏర్పడే బిందువు ఎంత వెనక్కి జరుగుతుందో చెప్పారు: 10.495కి 41 భాగించు ఎన్ బార్ ఘనమూలం కలపాలి. ఎన్ బార్ అంటే ఒక గొలుసు ఆక్రమించే చోటులో ఎన్ని గొలుసులు దూరి ఉంటాయో దాని వర్గం లాంటిది. అది 10,000 అయితే బిందువు 12.4కి వెళ్తుంది. చిన్న గొలుసులతో పనిచేసేవాళ్లకి ఇది నిర్లక్ష్యం చేయగల తేడా కాదు.

సరిహద్దు వెడల్పు ఇంకో మంచి పాఠం. హెల్ఫాండ్, టగామి సూత్రం పాలీస్టైరీన్, పీఎంఎంఏ సరిహద్దుకి దాదాపు 3 నానోమీటర్లు అంటుంది. న్యూట్రాన్లతో కొలిస్తే 5 వస్తుంది. సూత్రం తప్పనుకుని కైని మార్చేస్తే మిగతావన్నీ చెడిపోతాయి. నిజానికి సరిహద్దు నీటి మీద అలల్లా ఊగుతూ ఉంటుంది, ప్రయోగం ఆ ఊగడాన్ని కూడా కలిపి కొలుస్తుంది. ఆ అలల వంతు కలిపితే రెండూ కలుస్తాయి. తలతన్యత విషయంలో మాత్రం అదే సూత్రం మీటరుకి సుమారు 2 మిల్లీన్యూటన్లు ఇస్తుంది, కొలతకి దగ్గరే.

అయితే ఏ పద్ధతి ఎంచుకోవాలి?

ప్రశ్నని బట్టి. ఏ నిర్మాణం స్థిరం, ఏ మందంలో ఏది గెలుస్తుంది అన్నదానికి ఎస్‌సీఎఫ్‌టీ. పోకడ మాత్రమే కావాలి, కాగితం మీదే తేల్చుకోవాలంటే బలమైన విభజన సిద్ధాంతం, పైన టర్నర్ లెక్కలాగా. పెద్ద వైశాల్యం మీద పొరలు వేసే వేలిముద్రల్లాంటి గజిబిజి ఎలా సర్దుకుంటుందో చూడాలంటే 1986లో ఓహ్తా, కవసాకి రాసిన శక్తి సూత్రంతో కాలాన్ని నడిపించే పద్ధతులు చౌక. అలజడి ముఖ్యమైతే క్షేత్ర సిమ్యులేషన్లు, లేదా డౌలాస్, ముల్లర్ 2006 ప్రాంతంలో తెచ్చిన మోంటే కార్లో పద్ధతి, అందులో గొలుసులు నిజంగానే ఉంటాయి కానీ వాటి పరస్పర చర్య గళ్లలో లెక్కించిన సాంద్రతల ద్వారా నడుస్తుంది. గోడ దగ్గర అణువుల స్థాయిలో ఏం జరుగుతోందో తెలియాలంటే క్రెమర్, గ్రెస్ట్ 1990లో ఇచ్చిన పూసల గొలుసు నమూనాతో మాలిక్యులర్ డైనమిక్స్.

డీపీడీ (డిసిపేటివ్ పార్టికల్ డైనమిక్స్, మెత్తటి పూసలతో చేసే సిమ్యులేషన్) గురించి ఒక హెచ్చరిక. అది సులువు, వేగం, బొమ్మలు అందంగా వస్తాయి. గ్రూట్, వారెన్ 1997లో ఇచ్చిన సంబంధం ప్రకారం సాంద్రత 3 దగ్గర వికర్షణ తేడాని 0.286తో గుణిస్తే కై వస్తుంది. కానీ పది పూసల గొలుసుతో నడిపితే ఎన్ బార్ చాలా చిన్నది, పైన చెప్పిన అలజడి సవరణ విపరీతంగా ఉంటుంది. అక్కడి కై ఎన్‌ని ఎస్‌సీఎఫ్‌టీ పటంతో నేరుగా పోల్చకండి.

స్తంభాలు ఏర్పరిచే కోపాలిమర్లు ఫిల్మ్‌లో వింత ఆకారాలు చూపిస్తాయి ఎందుకని?

పొరకి గోడతో పేచీ లేదు, అది కూడా చదునే. స్తంభానికి ఉంది. గోడ ఏదో ఒక బ్లాకుని గట్టిగా ఇష్టపడితే దాని దగ్గర చదునైన పొర ఏర్పడాలి, లోపల స్తంభాలుండాలి, మధ్యలో రాజీ కుదరాలి. ఆ రాజీయే రంధ్రాలున్న పొరలు, సగం స్తంభాలు, వగైరా. 2002లో రాబర్ట్ మాగెర్లే, గెయార్గ్ క్రౌష్ తదితరులు స్టైరీన్, బ్యూటాడయీన్ బ్లాకులున్న ఎస్‌బీఎస్ ఫిల్మ్‌లలో ఈ దశలన్నీ మందంతో పాటు వరసగా మారడం చూసి, అవే సంఖ్యలతో చేసిన సిమ్యులేషన్‌లో అదే వరస రాబట్టారు. ప్రయోగం పక్కన సిద్ధాంతం బొమ్మ పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం. గోడ బలం, మందం అనే రెండు మీటలు సరిపోయాయి, కొత్త భౌతికశాస్త్రం అక్కర్లేకపోయింది.

కలవని రెండు పాలిమర్ల మధ్య కోపాలిమర్ వేస్తే?

అది సబ్బులా సరిహద్దులో చేరి తలతన్యతని తగ్గిస్తుంది. ఎ బ్లాకు ఎ వైపు, బి బ్లాకు బి వైపు. 1980లలో నూలాండీ, హాంగ్ దీన్ని క్షేత్ర సిద్ధాంతంతో, 1988లో లైబ్లర్ బ్రష్ (కుచ్చులా పక్కపక్కనే నిలబడి సాగిన గొలుసులు) చిత్రంతో లెక్కించారు. సరిహద్దులో గొలుసులు ఒత్తుకునేకొద్దీ సాగాలి, ఆ ఒత్తిడే తలతన్యతని తగ్గిస్తుంది. ఎంతదాకా తగ్గుతుందన్నది మైసెల్లు, అంటే కోపాలిమర్ గొలుసులు తమలో తాము కట్టుకునే చిన్న గుంపులు, చెబుతాయి: గొలుసుకి సరిహద్దు కంటే మైసెల్‌లో ఉండటం చౌకైన క్షణం నుంచి ఎంత కోపాలిమర్ పోసినా సరిహద్దుకి చేరేది పెరగదు. కాబట్టి పొడవైన గొలుసు ఒక్కోటి బాగా పనిచేసినా, అది మైసెల్లలో ఇరుక్కుపోయే అవకాశం కూడా ఎక్కువ. కరిగించి కలిపే మిశ్రమాల్లో తలతన్యత తగ్గడం కంటే బిందువులు మళ్లీ కలిసిపోకుండా కోపాలిమర్ అడ్డుపడటమే ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం, సమతాస్థితి సిద్ధాంతం ఒక్కదానితో దాన్ని పట్టుకోలేం.

ద్రావణం నుంచి ఉపరితలం మీదికి చేరే గొలుసుల సంగతి?

ఒక బ్లాకు గోడకి అతుక్కుంటుంది, రెండోది ద్రావణంలోకి చాచుకుని బ్రష్ అవుతుంది. అలెగ్జాండర్ 1977లో, డి జెన్ 1980లో చెప్పినట్టు మంచి ద్రావణిలో బ్రష్ ఎత్తు గొలుసు పొడవుతో సరళంగా, నాటిన సాంద్రత ఘనమూలంతో పెరుగుతుంది. వాళ్లు సాంద్రత అంతటా ఒకటే అనుకున్నారు, 1988లో మిల్నర్, విట్టెన్, కేట్స్ అది పరావలయంలా తగ్గుతుందని చూపించారు. గొలుసులు చిన్నవైతే, రెండు బ్లాకులూ కాస్త కాస్త అతుక్కుంటే ఈ అందమైన సూత్రాలు పనిచేయవు. అప్పుడు షోయ్ట్యెన్స్, ఫ్లీర్ 1979లో మొదలుపెట్టిన గళ్ల పద్ధతే దిక్కు. అతుక్కునే బ్లాకు మరీ పొడవైతే గోడనంతా అదే ఆక్రమించి బ్రష్ పల్చబడుతుంది, మరీ పొట్టిదైతే అతుకు నిలవదు, కాబట్టి మధ్యలో ఎక్కడో గరిష్ఠం ఉంటుంది.

చిప్‌ల తయారీలో దీని పాత్ర ఏమిటి? లోపాల గురించి సిద్ధాంతం ఏమంటుంది?

చిప్‌ల మీద సన్నటి గీతలకి ఈ పొరల్నే అచ్చుగా వాడాలన్నది ఆలోచన. గోడ మీద ముందే గీసిన రసాయన చారల్ని అనుసరించి పొరలు నిటారుగా అమరేలా చేయడాన్ని 2003లో పాల్ నీలీ, హువాన్ డి పాబ్లో బృందాలు చూపించాయి. చారల మధ్య దూరం పొరల సహజ మందానికి కొద్ది శాతం తేడాలో ఉంటే గొలుసులు సర్దుకుంటాయి, పైగా రెండు మూడు పొరలకి ఒక చార గీసినా చాలు. పాలీస్టైరీన్, పీఎంఎంఏతో సమస్య దాని చిన్న కై: పొరల పునరావృతి 20 నానోమీటర్ల కంటే చాలా కిందికి దిగదు, దిగాలంటే ఎన్ తగ్గించాలి, అప్పుడు కై ఎన్ 10.5 కిందికి జారిపోతుంది. పెద్ద కై ఉన్న పదార్థాల వేట అందుకే.

లోపాల విషయంలో సిద్ధాంతం ఇచ్చిన జవాబు నిజంగా పనికొచ్చింది. పొరల వరసలో ఒక స్థానభ్రంశానికి (ఒక పొర మధ్యలోనే ఆగిపోవడం లాంటి లోపానికి) కావాల్సిన స్వేచ్ఛాశక్తి కేటీకి పదుల నుంచి వంద రెట్లకి పైగా వస్తుంది, కేటీ అంటే ఉష్ణశక్తి ప్రమాణం. అంతటి ఖర్చుంటే సమతాస్థితిలో లోపమే ఉండకూడదు. మరి కనిపిస్తున్నాయంటే అవి దారిలో చిక్కుకుపోయినవి, చెరగడానికి ఎక్కాల్సిన మెట్టు ఎత్తు. ఆ మెట్టు కై ఎన్ పెరిగేకొద్దీ పెరుగుతుందని, క్రమం ఏర్పడే బిందువుకి దగ్గర్లో లోపాలు తేలిగ్గా కరుగుతాయని ముల్లర్ తదితరుల లెక్కలు చెప్పాయి. కాబట్టి లోపాలు పోవట్లేదంటే గోడ రసాయనాన్ని మార్చే ముందు వేడి చేసే పద్ధతిని మార్చి చూడండి.

గొలుసులు సర్దుకోవడానికి ద్రావణి ఆవిరితో చేసే ఎనీలింగ్‌ని మోడల్ చేయొచ్చా?

చేయొచ్చు, కానీ నమ్మకం తక్కువ పెట్టుకోండి. ద్రావణి వల్ల గొలుసులు కదులుతాయి, కై పల్చబడుతుంది, గోడల ఇష్టాలు మారతాయి. ఆవిరయ్యేటప్పుడు పైనుంచి కిందికి క్రమం నడిచివస్తుంది, అప్పుడు గెలిచేది తక్కువ శక్తి ఉన్న నిర్మాణం కాదు, ముందు మొదలైన నిర్మాణం. ఎంత వేగంగా ఆరబెట్టారన్నది కూడా మోడల్‌కి ఇవ్వాల్సిన సంఖ్యే.

కై విలువ ఎక్కణ్నుంచి తీసుకోవాలి?

ఏ పట్టికలోంచైనా తీసుకునే ముందు మూడు చూడండి: ఏ ఉష్ణోగ్రత, ఏ రిఫరెన్స్ ఘనపరిమాణం, ఏ పద్ధతితో కొలిచారు. రిఫరెన్స్ ఘనపరిమాణం రెట్టింపైతే కై రెట్టింపు, ఎన్ సగం, లబ్ధం మాత్రం మారదు. ఒకరి కైని ఇంకొకరి ఎన్‌తో కలపడం ఈ రంగంలో నేను ఎక్కువగా చూసే పొరపాటు. వీలైతే మీ దగ్గరున్న పదార్థంతోనే పొరల సహజ మందాన్ని కొలిచి, దాన్నుంచి వెనక్కి లెక్కించుకోండి.

మొదలుపెట్టడానికి ఏం వాడాలి?

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ మోర్స్ బృందం నిర్వహించే సాఫ్ట్‌వేర్ పీఎస్‌సీఎఫ్ ఉచితం, ఎస్‌సీఎఫ్‌టీకి మంచి ఆరంభం. కణాల సిమ్యులేషన్లకి ల్యాంప్స్, హూమ్డ్ బ్లూ ఉన్నాయి. మొదటి రోజే మూడు దిశల్లో నడపాలని టెన్షన్ పడొద్దు. ఒక్క దిశలో, గోడ లేకుండా, సమాన బ్లాకులతో మొదలుపెట్టి కై ఎన్‌ని 10 నుంచి 11 దాకా మెల్లగా పెంచండి, 10.495 దగ్గర అల లేస్తుందో లేదో చూడండి. లేవకపోతే కోడ్‌లోనో, గొలుసుని కోసిన ముక్కల పరిమాణంలోనో తప్పుంది. అది సరిపోయాక పెద్ద కై ఎన్ దగ్గర పొర మందాన్ని సెమెనోవ్ సూత్రంతో పోల్చండి. తర్వాత రెండు గోడలు పెట్టి మందాన్ని పెంచుతూ పోండి, ఒక పొర రెండయ్యే చోటు 1.387కి ఎంత దగ్గర్లో వస్తుందో రాసుకోండి. కై ఎన్ 20 దగ్గర అది కచ్చితంగా సరిపోదు, ఎందుకంటే ఆ సంఖ్య బాగా విడిపోయిన పొరలకి చేసిన లెక్కది. కై ఎన్ పెంచేకొద్దీ తేడా ఎలా తగ్గుతుందో గ్రాఫ్ గీస్తే చాలు, గోడల ఇష్టం బలాన్ని మార్చడం ఆ తర్వాత.